ఉదయగిరి, ఆత్మకూరు సీమలలో వినోదము – దానము

ఉదయగిరి యనగనే చరిత్ర చదివినవారికి తోచునది దుర్గము. సముద్రమట్టమునకు 3,079 అడుగుల యెత్తున నిలిచిన కొండ, కొండపై ఎనిమిదియు దిగువను ఐదును వెరసి పదమూడు కోటలు, గజపతుల యేలుబడి, శ్రీకృష్ణదేవరాయల ముట్టడి, ఇవియే గ్రంథములలో మరల మరల కానవచ్చును. రాయలు ముప్పది నాలుగువేల కాల్బలముతోను ఎనిమిది వందల యేనుగులతోను వచ్చి యొకటిన్నర సంవత్సరము విడిసియుండెననియు, లోపల పదివేల కాలిబంట్లును నాలుగు వందల గుఱ్ఱములును ఉండెననియు, సైన్యము బురుజులను చేరుటకై పెద్ద పెద్ద బండలను పగులగొట్టించి బాటలు వేయించెననియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. 1514లో దుర్గము రాయల వశమైనది. ఇచ్చటి బాలకృష్ణుని విగ్రహము హంపికి తరలిపోయి 1515లో అచ్చట ప్రతిష్ఠితమైనది. ఈ కథ సుప్రసిద్ధము. దీనిని తిరిగి చెప్పుట మా యుద్దేశము కాదు.

మాకు తోచిన ప్రశ్న వేరు. ఆ బండలను పగులగొట్టిన కూలివాడు పొద్దు గ్రుంకిన తరువాత ఏమి చేసెను? కొండ దిగువనున్న పల్లెలలో, పెన్నకు ఉత్తరముగా ఆత్మకూరు వరకు వ్యాపించిన మెట్టసీమలో, పనిలేని పూట జనులు ఎచ్చట గుమిగూడిరి? ఏమి చూచి సంతోషించిరి? ఉన్నదానిలో నలుగురి కొరకు ఏమి ఇచ్చిరి? వినోదము ఒక ప్రకరణముగను, దానధర్మములు మరియొక ప్రకరణముగను వ్రాయుట మన సాంఘిక చరిత్రకారులకు అలవాటు. ఈ సీమ సాక్ష్యములను చూచిన కొలది ఆ విభాగము నిలువదని మాకు అనిపించినది. ఇచ్చట జనులు ఇచ్చినది చాలమట్టుకు వేడుక నడుమనే యిచ్చిరి. వేడుక కూడ ఎవరో ఒకరు ఇచ్చినందువలననే జరిగినది.

ప్రాచీనమైన నిదర్శన మొకటి చూడుడు. విజయనగర రాజ్యారంభమున ఉదయగిరి రాజ్యమును హరిహరుని తమ్ముడైన కంపరాయలును, ఆయన తరువాత కుమారుడు రెండవ సంగముడును పాలించిరి. వేదభాష్యకారుడైన సాయణుడు ఈ యిరువురి కొలువున మంత్రిగా నుండెను. 1356 నాటి బిట్రగుంట తామ్రశాసనము సంగముని దానశాసనము. తన గురువైన శ్రీకంఠనాథుని పేర బిట్రగుంట గ్రామమును శ్రీకంఠపురమని విప్రులకు అగ్రహారముగా నొసగిన సంగతి అందున్నది. ఆ శాసనమును రచించినవాడు సాయణుని తమ్ముడు భోగనాథుడు. అతడు సంగమరాజునకు నర్మసచివుడు, అనగా రాజునకు విశ్రాంతివేళ చతురోక్తులతో వినోదము గూర్చు చెలికాడు. ఊరిని దానము చేయుచు రాజు ఆ పత్రమును వ్రాయుటకు తన నర్మసచివుని నియోగించుట మనకు వింతగా తోచవచ్చును. ఆనాటివారికి తోచియుండదు. దానము సభలో జరుగును. సభను రంజింపజేయువాడు దానమును వర్ణించును. ఈ జంటను మనము పందొమ్మిదవ శతాబ్దిలోను, ఇరువదవ శతాబ్దిలోను మరల చూడగలము.

ఉదయగిరినుండి పాలించిన మరియొక రాజకుమారుడు బుక్కరాయల పుత్రుడగు భాస్కరుడు. ఇతనికే భవదూరుడని నామాంతరము. వెలిగొండలకు ఆవల, నేటి కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు ఇతడు త్రవ్వించినదే. చెరువుగట్టున నున్న 1369 నాటి శాసనము మన జలవిజ్ఞానమునకు ఆకరము. చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, దానికి పట్టు ఆరు దోషములను అది వరుసగా చెప్పుచున్నది. కట్టనుండి నీరు ఊరుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట ఆ దోషములలోనివి. మూడవదానిని చెప్పినవాడు వ్యవహారజ్ఞుడు! రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు పనిచేసిరనియు, రాళ్లను చేర్చుటకు నూరు బండ్లు నడచెననియు కలదు. రాజుపేరు, శాసనకర్తపేరు నిలిచినవి. ఆ వేయిమందిలో ఒక్కరి పేరైనను లేదు. ఇది యొక్క పోరుమామిళ్ల లోపము కాదు. పుత్రుడు, తటాకము, కృతి, నిధి, ఆలయము, వనము, అగ్రహారము అను సప్తసంతానముల భావనయందే ఈ మౌనము కలదు. సంతానము కర్తదే యగును. మట్టి మోసినవానిది కాదు.

ఈ సీమ గ్రామనామములను చదువుచు పోయినచో అనుమసముద్రము, అనంతసాగరము అని చెరువులే ఊళ్లైనట్లు కనబడును. మెట్టసీమలో నీటికంటె గొప్ప దానము లేదు. అలన్ బటర్వర్తు, వేణుగోపాలసెట్టి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిన నెల్లూరు జిల్లా శాసనసంపుటములలో ఆత్మకూరు, ఉదయగిరి తాలూకాల శాసనములు వేరు వేరుగా కూర్చబడియున్నవి. శాసనభాగములను పరిశోధకులు రాజుల కాలనిర్ణయమునకై శోధించినంతగా, దానముల తీరును గ్రహించుటకై శోధింపలేదని మా యభిప్రాయము.

సప్తసంతానములలో కృతి యొకటి యంటిమి. గజపతుల కాలమున ఉదయగిరి ప్రభువైన బసవభూపాలునకు దూబగుంట నారాయణకవి తన పంచతంత్రమును అంకితము చేసెను. ఆ ప్రభువు మంత్రియైన గంగయకు నంది మల్లయ, ఘంట సింగయ లను జంటకవులు ప్రబోధచంద్రోదయమును అంకిత మిచ్చిరి. ఒకటి జంతువుల కథలతో నీతి చెప్పునది. రెండవది సంస్కృతమున నాటకమైనదానిని తెలుగున కావ్యముగా మార్చినది. రెండును వినువారికి వినోదమే. దూబగుంట యను పేరును పాఠకులు గుర్తుంచుకొన గోరెదము. కవి యింటిపేరునకును, ఇప్పుడు కలిగిరి మండలములోనున్న దూబగుంట గ్రామమునకును సంబంధమున్నదని మేము ప్రతిపాదించుట లేదు. కాని ఆ గ్రామము ప్రస్తావన యీ వ్యాసమున మరల రాక తప్పదు.

ఇంక పనిలేని పూట సంగతి. వారాంతము అను మాట నేటిది. ఆదివారపు సెలవు కచేరీలతోను, బడులతోను, మిల్లులతోను వచ్చినది. బొంబాయి మిల్లు కూలీలకు 1890లో ఆదివారము సెలవు దొరకుటకు నారాయణ మేఘాజీ లోఖండే చేసిన కృషి ప్రసిద్ధము. అంగళ్లలో పనిచేయువారికి వారమున కొకనాడు సెలవు నుద్దేశించిన చట్టము 1942లో వచ్చినది. సేద్యపు కూలికి ఇట్టి చట్టమేదియు వర్తింపలేదు. అతని వారమును గుర్తించునది సంత. సంతనాడు బత్తెము, సంతనాడు చుట్టరికము, సంతనాడు వార్త. గారడివాడు, పాములవాడు, గంగిరెద్దులవాడు, తోలుబొమ్మలవారి బండి, అన్నియు సంతదారిని పట్టియే యూరికి వచ్చెడివి. తోలుబొమ్మలాట వానలు రాని యేట వానకై ఆడింపబడుట ఆంధ్రదేశమున పలుచోట్ల నుండిన యాచారము. అట్టి యాటకు ఊరందరు ఇంటింటికి ధాన్యము వేసికొందురు. దానిని వినోదవ్యయ మందుమా, దాన మందుమా, వానకై కట్టిన మ్రొక్కు అందుమా? ఊరివారికి ఆ సందేహము లేదు.

వారము అను మాటకు తెలుగున మరియొక యర్థచ్ఛాయ కలదు. దూరపు పల్లెనుండి పట్టణపు బడికి వచ్చిన పేదబాలుడు సోమవారము ఒకరి యింట, మంగళవారము మరియొకరి యింట భుజించి చదువుకొనెడివాడు. దానినే 'వారములు చేసికొని చదువుట' యందురు. ఏడిండ్లవారు ఏడు పూటలు కట్టుకొన్న యీ దానమునకు శాసనము లేదు, చందా పుస్తకము లేదు. మన పండితులలో, ప్లీడర్లలో, ఉపాధ్యాయులలో ఎందరో వారములపై పెరిగినవారే. అయితే దీనిని మితిమించి శ్లాఘింపరాదు. వారములు దొరకినది ప్రధానముగా బ్రాహ్మణబాలురకు. తక్కిన కులములవారు ఇరువదవ శతాబ్దిలో తమ తమ విద్యార్థి వసతిగృహములను నెలకొల్పుకొనవలసివచ్చెను. మాల మాదిగ పల్లెల పిల్లలకు నెల్లూరు సీమలో తొలినాట బడి యన్నది చాలచోట్ల అమెరికను బాప్టిస్టు మిషనువారి పాఠశాలయే.

ఆత్మకూరునకు సమీపమున అనుమసముద్రంపేట కలదు. జనులు ఏ.ఎస్. పేట యందురు, దర్గా సంప్రదాయమున దానికి రహమతాబాదు అని పేరు. పదునెనిమిదవ శతాబ్దివాడైన ఖాజా రహమతుల్లా నాయబ్ రసూలు సమాధి యిచ్చట నున్నది. ఆయన భార్య హబీబా ఖాతూను సమాధియు ఆ యావరణముననే కలదు. ఏటేట జరుగు గంధమహోత్సవమునకు ఆంధ్రదేశమునుండియే గాక తమిళ, కన్నడ దేశములనుండియు జనులు వత్తురు. రాత్రివేళ గంధపు పాత్రను ఊరేగించి తెచ్చి సమాధికి పూసి, మిగిలిన గంధమును వచ్చినవారికి పంచిపెట్టుదురు. మతిచెడినవారిని, పిశాచబాధ యున్నదని తలచినవారిని తీసికొనివచ్చి రాత్రులు అచ్చటనే నిద్రచేయుట వాడుక. వచ్చువారిలో హిందువులు, ముసల్మానులు అను భేదము లేదు. ఇంటిల్లిపాదియు బండ్లు కట్టుకొని, తరువాత బస్సులెక్కి వచ్చి, రెండు మూడు దినములు వంటలు చేసికొని యుండి పోవు నీ ప్రయాణమును కేవలము తీర్థయాత్ర యన్నచో సగమే చెప్పినట్లగును. అంగళ్లు, గాజులు, రంగులరాట్నము, కవ్వాలి, చుట్టముల కలయిక, ఏటికొకసారి ఇల్లు విడిచిన యాడువారి ఊరట, ఇవన్నియు అందులో నున్నవి.

నెల్లూరిలో స్వర్ణాల చెరువునొద్ద మొహర్రము దినములలో జరుగు రొట్టెల పండుగ ఈ సీమవారికి దూరము కాదు. కోరిక కలవాడు చెరువులో నిలిచి, అట్టి కోరిక తీరినవానియొద్ద రొట్టె పుచ్చుకొనును. కోరిక తీరిన మరుసటియేడు తాను రొట్టె తెచ్చి మరియొకనికి ఇచ్చును. చదువు రొట్టె, పెండ్లి రొట్టె, సంతానపు రొట్టె అని రొట్టెలకు పేరులు. విదేశయానమునకును ఒక రొట్టె యేర్పడినది. పుచ్చుకొనినవాడే యిచ్చువాడగుట ఇందలి విశేషము. శాసనములలోని దాత యెన్నడును పుచ్చుకొనినట్లు కనబడడు. ఇచ్చట దాతయగుటకు నిరుటి యాచకత్వమే అర్హత.

ఉదయగిరి వైపున దుత్తలూరు మండలమునందలి నర్రవాడ వెంగమాంబ తిరునాళ్లు ప్రసిద్ధము. వెంగమాంబ పేరంటాలు, అనగా భర్తతో సహగమనము చేసిన యిల్లాలని ప్రతీతి. జ్యేష్ఠమాసమున, తొలకరికి ముందు ఈ బ్రహ్మోత్సవములు జరుగును. మెట్టరైతునకు అది విరామకాలము. ఎడ్లు బలసియుండును, దుక్కులింకను మొదలుకావు. అందువలననే తిరునాళ్లలో బండలాగుడు పందెములకు అంత ప్రాధాన్యము. పాలపండ్ల గిత్తలు, రెండు పండ్లవి, నాలుగు పండ్లవి, ఆరు పండ్లవి అని దంతములనుబట్టి తరగతు లేర్పరతురు. నియమితకాలములో బండను ఏ జత యెక్కువ దూరము లాగునో దానికి బహుమానము. కొలత అడుగులలో చెప్పుదురు. గట్టున నిలిచిన రైతులు గిత్త నడకను, మూపురపు బిగిని, తోలువాని చేతివాటమును చర్చించు తీరు వినవలసినది. కావ్యవిమర్శకులము మేము అంత సూక్ష్మముగా పద్యమును చర్చింపమేమో.

ఈ పశుజాతి కథ సముద్రములు దాటినది. ఒంగోలు గిత్తలలో ఒక జత 1868లో ఓడపై పోవుచు బ్రెజిలు దేశపు సాల్వడారు రేవున దిగెనట. తరువాత మరికొన్ని పోయినవి. అచ్చటివారు వీనిని 'నెలోరె' యని పిలుతురు. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోనిది గనుక ఆ పేరు. నేడు బ్రెజిలు మాంసపుపశువులలో అత్యధికభాగము ఈ జాతిదే. ఉదయగిరి రైతు పందెపు టెద్దును బిడ్డవలె సాకి, ఉలవలు పెట్టి, నుదుట కుంకుమ దిద్ది తెచ్చుచుండగా, దాని దాయాదులు సముద్రమున కావల కోట్లకొలది వధ్యశాలకు పోవుచున్నవి.

పందెమునకు బహుమానము లిచ్చువారెవరు? ఊరి పెద్దరైతులు, వర్తకులు, ఊరు విడిచిపోయి ధనము గడించినవారు. మొదటి బహుమతి ఫలానివారు తమ తండ్రిగారి జ్ఞాపకార్థము, రెండవ బహుమతి ఫలానివారు అని ధ్వనివర్ధకముపై చదువుదురు. ఒకప్పుడు తటాకమునకు శాసనము వేయించిన కోరికయే యిది; రాయి స్థానమున గొంతు వచ్చినది. తిరునాళ్లలో కొయ్యసామానుల అంగడినిగూడ చెప్పవలసియున్నది. నర్ది మొదలగు అడవికొయ్యలతో గరిటెలు, చెంచాలు, దువ్వెనలు చెక్కుట ఉదయగిరివారి వృత్తి. భౌగోళిక గుర్తింపు పొందిన యా చెంచాలు ఇప్పుడు దూరదేశముల భోజనశాలలకు పోవుచున్నవి. చెక్కువారిలో స్త్రీలు పెక్కురు.

రాత్రి నాటకము లేని తిరునాళ్లు లేవు. నెల్లూరు నాటకచరిత్ర వేదము వేంకటరాయశాస్త్రిగారి ఆంధ్రభాషాభిమాని సమాజముతో వన్నెకెక్కినది. ప్రతాపరుద్రీయము వంటి నాటకములు పట్టణపు విద్వాంసులవి. మెట్టపల్లెలకు వచ్చినవి వీథిభాగవతములు, తరువాత హరిశ్చంద్ర, కురుక్షేత్రము, చింతామణి. హరిశ్చంద్రుని కాటిసీనునకు తెల్లవారుజాము కావలెను. నిద్రకు జోగిన పిల్లలను తల్లులు కొట్టి లేపి చూపెడివారు. చింతామణిని 2022 జనవరిలో రాష్ట్రప్రభుత్వము నిషేధించినది. ఒక కులమువారిని కించపరచు హాస్యము దానిలో పెరిగినమాట నిజమే. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యాలోలతను ఖండించుటకై వ్రాసిన నాటకము దేనిని ఖండించుటకు వ్రాయబడెనో దానికే నెలవైనది; నేరము గ్రంథముది కాదు, రంగముది.

నాటకమునడుమ 'చదివింపులు' వచ్చును. పద్యము మెచ్చినవాడు నూటపదార్లు రంగముపైకి పంపును. ఆట ఆపి, హార్మోనియమువాడు శ్రుతి పట్టియుండగనే, దాతపేరు, తండ్రిపేరు, ఊరిపేరు చదువుదురు. హరిశ్చంద్రుడు కాటికాపరి వేషముననే చేతులు జోడించును. విమర్శకులు దీనిని రసభంగమందురు. మాకు అట్లు తోచదు. పెండ్లిలోను చదివింపులే, నాటకములోను చదివింపులే. ఇచ్చినదానిని నలుగురి యెదుట చదివించుటయే యీ మాటకు మూలము. గుప్తదానము శ్రేష్ఠమని ధర్మశాస్త్రము చెప్పవచ్చును గాక. పల్లెలో చదువని దానము లెక్కకు రాదు. దానిలో డాబు కలదు, పోటీ కలదు, పాత కక్షలు కలవు. ఒక వీథివారు నూటపదార్లు చదివించినచో రెండవ వీథివారు ఇన్నూట పదార్లు చదివింతురు. ఆ కక్షలవలననే నాటకమువారి పొయ్యి వెలిగినది. అయితే చదువబడిన పేరులలో స్త్రీల పేరులెన్ని? కూలివారి పేరులెన్ని? రంగమునకు పందిరి వేసినవాడు, దివిటీ పట్టినవాడు, డప్పు కొట్టి చాటినవాడు ఏమియు ఇచ్చినట్లు లెక్కకు రాలేదు. పోరుమామిళ్ల వేయిమందివలెనే వీరును పేరు లేనివారే.

వినోదమును సత్కార్యమునకై మళ్లించుట మనకు క్రొత్తది కాదు. 1952లో రాయలసీమ క్షామనిధికై నందమూరి తారకరామారావు మొదలగు నటులు ఊరూర తిరిగి ధనము ప్రోగుచేసిరి. 1977 దివిసీమ తుపానునాడును సినీనటులు జోలె పట్టిరి. టూరింగు టాకీసులు పల్లెలకు వచ్చి నేల, బెంచి, కుర్చీ తరగతులలో జనమును కూర్చుండబెట్టిన కాలమున వినోదపుపన్ను ప్రతి టిక్కెట్టుపై నుండెను. దానిలో అధికభాగము స్థానికసంస్థలకు చెందెడిది. నేలటిక్కెట్టు కొన్నవాడు తెలియకుండగనే ఊరి దీపమునకు చమురు పోసినవాడు. ఆ పన్ను 2017లో వస్తుసేవలపన్నులో లీనమైనది.

తెలియకుండ నిచ్చిన దానములలో అన్నిటికంటె పెద్దది వేరొకటి కలదు. అది సారాయి. కూలిడబ్బు చేతబడిన సాయంకాలము మెట్టపల్లెలో పురుషునకు దొరకు వినోదము ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దులలో క్రమక్రమముగా దానియొక్కదానికే కుదించుకొనిపోయెను. తోలుబొమ్మలు పోయినవి, భాగవతులు తగ్గిరి, సారాపొట్లము ఇంటిముంగిటికి వచ్చినది. వారుణివాహిని యను పేర ప్రభుత్వమే పొట్లములలో సారాయిని సరఫరా చేయు పద్ధతి 1980లలో ఏర్పడినది. రాష్ట్రపు ఎక్సైజు ఆదాయము 1970–71లో 39 కోట్ల రూపాయలు. 1991–92 నాటికి 812 కోట్లు. ఈ పైకము రాయలసీమ క్షామనిధివలె చందా పుస్తకములో నెక్కలేదు. బడులకు, బాటలకు, ఉద్యోగుల జీతములకు పేదలు తమ సాయంకాలములను, తమ స్త్రీలు తమ యొడలిని ఇచ్చిరనుట అతిశయోక్తి కాదు. ఎవరును ఆ దాతలపేర్లు చదివింపలేదు.

1990–91 ప్రాంతమున నెల్లూరు జిల్లాలో అక్షరదీపమను సంపూర్ణాక్షరాస్యతోద్యమము మొదలైనది. దానికి ముందే కేరళమున ఎర్నాకుళము జిల్లా మార్గము చూపియుండెను. మొదట పల్లెలకు వచ్చినవి కళాజాతాలు. పాట, డప్పు, చిన్న నాటిక. తరువాత రాత్రిబడి. చదువు చెప్పినవారు వేతనము లేని స్వచ్ఛందసేవకులు. చాలమంది ఊరి యువతీయువకులే. పనినుండి వచ్చి, కూడు వండి, పిల్లలను పండుకొనబెట్టిన స్త్రీలు లాంతరు వెలుగున పలక పట్టిరి. సారాయంగడి తెరచియుండు వేళయు అదే. ఒకే సాయంకాలమునకై బడి, అంగడి పోటీపడినవి. ఈ దృష్టితో చూచినచో 1992 నాటి ఉద్యమమును మద్యనిషేధోద్యమ మనుటకంటె ముందు సాయంకాలమును తిరిగి పుచ్చుకొనిన యుద్యమ మనవలెను.

వాచకములోని సీతమ్మ కథ త్రాగుబోతు భర్త గల యిల్లాలి కథ. చదివినవారికి అది తమ కథగా తోచినది. దూబగుంటలో స్త్రీలు ఏకమై సారాయంగడిని మూయించిరి. ఆ వృత్తాంతము 'ఆడవాళ్ళు ఏకమైతే' అను పాఠమై నవాక్షరాస్యుల వాచకములోని కెక్కినది. ఆ పాఠము చదివిన యితర గ్రామముల స్త్రీలు తమ యూరి యంగడినడిగిరి. ఊటకుండలు పగిలినవి, పొట్లములు వీథిలో కాలినవి. 1992లో జిల్లా సారాయి వేలముపాటలు స్త్రీల ప్రతిఘటనవలన పలుమార్లు వాయిదాపడినవి. పత్రికలలో 'ఈనాడు' ఈ వార్తలకు ప్రత్యేకస్థాన మిచ్చినది. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అక్టోబరు 1నుండి రాష్ట్రమంతటను సారాయి నిషిద్ధమైనది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధము వచ్చి 1997లో తొలగిపోయినది. ఉద్యమమునకు ప్రతీకగా నిలిచిన దూబగుంట రోశమ్మ 2016లో మరణించినది.

శాసనముల వలె ఒక పాఠము ఒక గ్రామపు సత్కార్యమును ఊరూరికి చాటినది. కాని భేదమున్నది. పోరుమామిళ్ల శాసనము సంస్కృతమున నున్నది. మట్టి మోసినవారు దానిని చదువలేరు. దూబగుంట పాఠమును చదివినవారు, దాని కథానాయికలు ఒకే తెగవారు. చదివింపునకు ఇంతకంటె సరియైన యర్థము మాకు దొరకలేదు. ఉద్యమము తరువాత ఈ స్త్రీలు దినమున కొక రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపుసంఘములలో చేరుటయు చరిత్రకెక్కిన విషయమే. సంఘపు సమావేశము ఒక పూట తీరిక. అందు నవ్వులు, కష్టసుఖములు, పాటలు సహజము. వినోదమును దానమును విడదీయరాదని మొదట మేము చెప్పినమాటకు ఇదియు ఒక యుదాహరణము. రూపాయి యిచ్చినదే పుచ్చుకొనును. రొట్టెల పండుగ ధర్మమే యిది.

నిషేధము నిలువకపోవుట వలన ఉద్యమము వ్యర్థమైనదని కొందరందురు. మేము అంగీకరింపము. సారాయి పోయి ఇతర మద్యములు వచ్చుట, ప్రభుత్వపు టాదాయము వానిపై మరల ఆధారపడుట నిజమే. అయితే కూలివాని భార్య సాయంకాలమున ఏమి చేయుచున్నది యను ప్రశ్న చరిత్రపుటలలోనికి వచ్చుట అప్పుడే జరిగినది. దుర్గపు ముట్టడికి నూనిజ్ ఉండెను. ఈ ముట్టడికి దానిని నడపినవారే లేఖకులైరి.

ఈ విషయమున పరిశోధన చేయగోరు విద్యార్థులకు ఒక మాట. 1873లో బాస్వెల్ కూర్చిన నెల్లూరు మాన్యువలు, 1905 నాటి శాసనసంపుటములు అచ్చులో నున్నవి గనుక అవి యెచ్చటికి పోవు. 1984లో కరణీకములు రద్దైన పిమ్మట గ్రామలెక్కలు చాల చెదరిపోయినవి. వానికంటె త్వరగా నశించుచున్నవి నాటకసమాజముల చదివింపుల పుస్తకములు, తిరునాళ్ల చందా చిట్టాలు, 1991 నాటి రాత్రిబడుల హాజరుపట్టీలు. చిట్టాలలో ఎవరెంత చదివించిరో కలదు. హాజరుపట్టీలలో, వంకరటింకర యక్షరములతో, తొలిసారి తమ చేత వ్రాసికొన్న స్త్రీల పేరులున్నవి. ఇవి యింటి యటకలపైన, పాతపెట్టెల యడుగున చెదలకు చిక్కుచున్నవి. ముందుగా ఉదయగిరి, దుత్తలూరు, కలిగిరి, ఆత్మకూరు ప్రాంతములలోని వానిని సేకరించుట మంచిది.